తుఫాను వస్తోందంటే కృష్ణ మీద పడవల్ని ఎలా కాపాడుకోవాలి: నల్గొండ, పాలమూరు మత్స్యకారులకు సమగ్ర మార్గదర్శి

తుఫాను అనగానే బాపట్ల, మచిలీపట్నం, కాకినాడ గుర్తొస్తాయి. టీవీలో అలలు ఎగిసిపడుతుంటే, సాగర్ ఒడ్డున కూర్చుని "అది సముద్రం సంగతి, మనకేం కాదు" అనుకునేవాళ్లు చాలామంది. కానీ బాపట్ల తీరం నుంచి నాగార్జునసాగర్‌కి నేరుగా కొలిస్తే 150 కిలోమీటర్లకు అటూ ఇటూ. 2023 డిసెంబర్ 5న మిచౌంగ్ తీరం దాటింది ఆ బాపట్ల దగ్గరే. 2025 అక్టోబర్ 28 రాత్రి మొంథా నర్సాపురం దగ్గర తీరం దాటితే, తెల్లారి నల్గొండ, నాగర్‌కర్నూల్ జిల్లాల్లో వాగులు రోడ్లెక్కాయి. సముద్రం మనకు దూరమే కానీ తుఫాను దూరం కాదు.

వైజాగ్ కాలనీ, నెల్లికల్లు, సోమశిల, అమరగిరి, జూరాల వెనక జలాలు, అడవిదేవులపల్లి, వాడపల్లి, మట్టపల్లి, ఇలా కృష్ణ పొడుగునా పడవ మీద బతికే కుటుంబాలు ఉన్నాయి. ఒక పడవ, ఒక ఇంజిన్, నాలుగు వలలు పోతే ఆ ఇల్లు లేవడానికి ఏళ్లు పడుతుంది. ఆ నష్టం చాలావరకు ఆపగలిగినదే. అందుకు కావాల్సింది మూడు రోజుల ముందు మొదలుపెట్టడం, పడవని నీళ్లలోంచి బయటికి తీయడం. మిగతాదంతా ఆ రెండూ సరిగ్గా ఎలా చేయాలన్నదే.

మన దగ్గర పడవని ముంచేది ఏది?

తీరం దాటి ఇక్కడికి వచ్చేసరికి తుఫాను చాలాసార్లు బలం తగ్గి వాయుగుండంగా మారుతుంది. పేరు చిన్నదైందని తేలిగ్గా తీసుకోకండి. వాతావరణ శాఖ లెక్కలో గాలి గంటకు 31 నుంచి 49 కిలోమీటర్లు ఉంటే వాయుగుండం, 50 నుంచి 61 అయితే తీవ్ర వాయుగుండం, 62 నుంచి తుఫాను. గాలి వేగం రెట్టింపైతే పడవ మీద దాని ఒత్తిడి నాలుగింతలవుతుంది. 20 కిలోమీటర్ల గాలికి ఆగిన తాడు 40కి ఆగుతుందన్న నమ్మకం లేదు.

అయినా మన జలాశయాల్లో గాలి కంటే నీటిమట్టం ఎక్కువ దెబ్బ తీస్తుంది. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా వచ్చే తుఫాన్ల సమయానికి సాగర్, శ్రీశైలం చాలా ఏళ్లలో నిండుగానో, నిండుకి దగ్గరగానో ఉంటాయి. సాగర్ పూర్తిస్థాయి నీటిమట్టం 590 అడుగులు, అప్పుడు నిల్వ 312 టీఎంసీలు. ఆ దగ్గర్లో ఉన్నప్పుడు ఒక అడుగు పెరగడానికి దాదాపు 3 టీఎంసీలు చాలు. ఒక టీఎంసీ అంటే 11,574 క్యూసెక్కుల (సెకనుకి అన్ని ఘనపుటడుగుల) నీరు ఒక రోజంతా పారినంత. వచ్చే నీరు పోయే నీటికన్నా లక్ష క్యూసెక్కులు ఎక్కువైతే రోజు తిరిగేసరికి జలాశయం దాదాపు మూడడుగులు లేస్తుంది. ఈ లెక్క గుర్తుంటే పేపర్లో, టీవీలో చెప్పే ఇన్‌ఫ్లో, ఔట్‌ఫ్లో అంకెలు చూసి మీ పడవ ఎక్కడిదాకా లేస్తుందో మీరే చెప్పుకోవచ్చు. గేట్లు ఎక్కువ ఎత్తితే మట్టం దిగుతుంది కూడా. అప్పుడు రాళ్ల మధ్య కట్టిన పడవ ఒక పక్క రాయి మీద కూర్చుని ఇంకో పక్కకి ఒరుగుతుంది.

మన ఊళ్లో చినుకు పడకపోయినా ప్రమాదం రావచ్చు. 2009 అక్టోబర్ మొదట్లో వాన దంచింది ఎగువన కర్ణాటకలో, కర్నూలు వైపు. శ్రీశైలానికి 25 లక్షల క్యూసెక్కులకు పైగా వరద వచ్చి, 885 అడుగులు ఉండాల్సిన నీటిమట్టం 896 దాటింది. తుంగభద్ర ఒడ్డున అలంపూర్, రాజోలి మునిగాయి. కాబట్టి ఆకాశం తేటగా ఉంది కదా అని పడవని నీళ్లలో వదిలేయకండి.

మూడోది వాన. ఒక మిల్లీమీటరు వాన అంటే చదరపు మీటరుకి ఒక లీటరు నీళ్లు. ఆరు చదరపు మీటర్ల లోపలి వైశాల్యం ఉన్న పడవలో పది సెంటీమీటర్ల వాన పడితే 600 లీటర్లు, అంటే 600 కిలోలు. రాత్రంతా తోడేవాళ్లు లేకపోతే పడవ గాలి అవసరం లేకుండానే అంచుల దాకా దిగిపోతుంది. ఆ తర్వాత ఒక్క అల చాలు.

మూడు రోజుల ముందు: వలలు ఎత్తండి

బంగాళాఖాతంలో అల్పపీడనం వాయుగుండంగా మారిందని వినగానే పని మొదలుపెట్టాలి. హైదరాబాద్ వాతావరణ కేంద్రం జిల్లాలవారీగా రంగులతో హెచ్చరిక ఇస్తుంది. పసుపు అంటే గమనిస్తూ ఉండమని, నారింజ అంటే సిద్ధం కమ్మని, ఎరుపు అంటే వెంటనే కదలమని. నా మాట వినేవాళ్లయితే నారింజ రంగు వచ్చాక పడవ నీళ్లలో ఉండకూడదు. ఎరుపు వచ్చేదాకా ఆగితే అప్పటికే చినుకులు, బురద, సాయానికి మనుషులు దొరకకపోవడం, అన్నీ కలిసి వస్తాయి.

ఫోన్లో వాతావరణం కోసం మౌసమ్, విపత్తు హెచ్చరికల కోసం సచేత్ యాప్‌లు పెట్టుకోండి. పిడుగుల కోసం దామిని. నీటి ఒడ్డున ఉండే తండాల్లో, గుట్టల చాటున సిగ్నల్ సరిగ్గా ఉండదు కాబట్టి మత్స్యకారుల సంఘంలో ఒక మనిషికి ఆ బాధ్యత ఇవ్వండి. సిగ్నల్ ఉన్న చోటికి పొద్దున, సాయంత్రం పోయి హెచ్చరిక, ప్రాజెక్టుల ఇన్‌ఫ్లో చూసి, బండి మీద తిరిగి అందరికీ చెప్పాలి. ఫోన్ చేస్తే ఎత్తలేదు అనే మాట తుఫాను రోజు పనికిరాదు.

మొట్టమొదట ఎత్తాల్సింది వలలు. చాలామంది పడవ పని అయ్యాక వలలు చూద్దాం అనుకుంటారు, ఆఖరికి గాలి మొదలయ్యాక వల కోసం నీళ్లలోకి పోతారు. ప్రాణాలు పోయేది అక్కడే. లోతులో, దూరంగా వేసిన వల ముందు తీయండి, ఒడ్డుకి దగ్గరిది ఆఖరున. వరద నీటిలో చెట్టు మొదళ్లు, కంప, గుర్రపుడెక్క కొట్టుకొస్తాయి. వాటికి చిక్కిన వల తిరిగి మీ చేతికి రాదు, వచ్చినా బాగుచేసే కూలి కొత్త వలతో సమానం. పైగా తెగిపోయిన వల నీళ్లలో నెలల తరబడి చేపల్ని చంపుతూనే ఉంటుంది. తీసిన వలని బెండ్లు ఒక వైపు, సీసం గుండ్లు ఒక వైపు వచ్చేలా మడిచి, బస్తాలో కట్టి, ఇంట్లో అటక మీద పెట్టండి. పడవలో వదలకండి. వాన నీటికి తడిసిన వల బరువు పడవ మీద ఇంకో మనిషి బరువు.

పట్టిన చేపలు ఉంటే ఆ రోజే అమ్మేయండి. తుఫాను రోజుల్లో కరెంటు పోతే ఐసు దొరకదు, దారులు తెగితే మార్కెట్‌కి బండి పోదు.

పడవని ఎక్కడికి లాగాలి?

ఇక్కడ కొంచెం నిదానంగా చదవండి, ఎక్కువ నష్టాలు ఈ నిర్ణయం దగ్గరే జరుగుతాయి.

జలాశయం ఒడ్డున రాళ్ల మీద పాత నీటి గుర్తు కనిపిస్తుంది. కింద రాయి తెల్లగా, బూడిద రంగుగా, మీద నల్లగా, నాచూ గడ్డీ మొలిచి ఉంటుంది. ఆ గీతే నిండు మట్టం. పడవ దానికి పైన కనీసం నిలువెత్తు ఉండాలి. అలలు కొట్టేది గీత దగ్గర ఆగదు, గాలికి పైకి పాకుతాయి. నది పారే చోట, అంటే జూరాల దిగువన, సాగర్ డ్యామ్ దిగువ నుంచి వాడపల్లి, మట్టపల్లి దాకా, ఇలాంటి గీతని నమ్మొద్దు. అక్కడ ఊరి పెద్దవాళ్లని అడిగి, 2009లో నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో చూసి దానికి పైన పెట్టండి. వాడపల్లి దగ్గర కృష్ణలో మూసీ కలుస్తుంది. హైదరాబాద్‌లో కుండపోత పడితే మూసీ వరద, పైనుంచి సాగర్ గేట్ల నీరు రెండూ అక్కడ ఒకేసారి కలవొచ్చు. 2020 అక్టోబర్‌లో వాయుగుండం వచ్చినప్పుడు మూసీ ఎలా పారిందో ఆ వైపు వాళ్లకి చెప్పక్కర్లేదు.

వాగు నోరు ఎంచుకోకండి. గాలికి చాటుగా, నీరు నిలకడగా ఉండే ఇరుకు చోట్లు మన ఒడ్డున చాలా ఉన్నాయి. మామూలు రోజుల్లో పడవ కట్టడానికి అంతకన్నా మంచి చోటు లేదు. కానీ ఆ ఇరుకు అక్కడ ఎందుకు ఉంది? ఒక వాగు వచ్చి కలుస్తోంది కాబట్టి. డిండి లాంటి పెద్ద వాగులే కాదు, ఎండాకాలం కనిపించని చిన్న వాగు కూడా పది సెంటీమీటర్ల వాన పడితే గంటలో నడుము లోతు పారుతుంది. మీరు జలాశయం వైపు చూస్తూ అలల కోసం కాచుకుంటే, వరద వీపు వెనక నుంచి వచ్చి పడవల్ని జలాశయం మధ్యకి తోసేస్తుంది. పెద్ద చెట్ల కింద, కరెంటు తీగల కింద, విరిగిపడే నల్లమట్టి గట్టు అంచున కూడా పెట్టొద్దు.

ఇక గాలి వైపు. తుఫాను గాలి గడియారం ముల్లుకి ఎదురు దిశలో తిరుగుతుంది. గాలికి వీపు పెట్టి నిలబడితే తుఫాను కేంద్రం దాదాపు మీ ఎడమ చేతి వైపు ఉన్నట్టు లెక్క. కేంద్రం ఇంకా సముద్రం మీద ఉన్నప్పుడు మనకు గాలి ఉత్తరం నుంచో ఈశాన్యం నుంచో వస్తుంది. నల్గొండ, నాగర్‌కర్నూల్ జిల్లాల ఒడ్డు కృష్ణకి ఉత్తరాన ఉంది కాబట్టి ఆ గాలి నేల మీంచి నీళ్ల వైపు వీస్తుంది. మన ఒడ్డున నీరు ప్రశాంతంగా కనిపిస్తుంది. అప్పుడే మనిషి మోసపోయేది. కేంద్రం మనకి ఉత్తరాన, కాకినాడ, ఖమ్మం వైపుగా పోతే గాలి వాయవ్యం, పడమర మీదుగా నైరుతికి తిరుగుతుంది. దక్షిణాన, ఒంగోలు, కర్నూలు వైపుగా పోతే తూర్పు మీదుగా ఆగ్నేయానికి తిరుగుతుంది. ఎటు పోయినా రెండో గాలిలో దక్షిణం పాలు ఉంటుంది. అది కిలోమీటర్ల కొద్దీ నీటి మీద పరిగెత్తి అలల్ని మన ఒడ్డుకే తెచ్చి కొడుతుంది. పడవకి చోటు చూసేటప్పుడు ఇప్పుడు వీస్తున్న గాలిని కాదు, రేపు తిరగబోయే గాలిని చూడండి. దక్షిణం వైపు గుట్ట గానీ, ఎత్తు గట్టు గానీ అడ్డం ఉన్న చోటు దొరికితే అదృష్టమే.

జూరాల కింద గద్వాల వైపు ఉండేవాళ్లది దక్షిణపు ఒడ్డు. వాళ్లకి ఇది తిరగబడుతుంది, మొదటి ఉత్తరపు గాలే నేరుగా తగులుతుంది.

లాగే పద్ధతి

లాగే ముందు పడవ పూర్తిగా ఖాళీ కావాలి. ఇంజిన్, బ్యాటరీ, డీజిల్ క్యాన్లు, పలకలు, లంగరు, తెడ్లు అన్నీ దించండి. అడుగున నిలిచిన నీళ్లు చివరి చుక్క దాకా తోడండి. ఫైబర్ పడవకి అడుగున బిరడా ఉంటే ఒడ్డు ఎక్కాక తీసేయండి, పడే వాన దానంతట అదే పోతుంది. ఆ బిరడా మాత్రం జేబులో వేసుకోకుండా పడవకే దారంతో కట్టండి. మళ్లీ నీళ్లలోకి దించే రోజు వెతుక్కునేది దాన్నే.

కింద నీలగిరి దుంగలో, మందంగా ఉన్న పైపు ముక్కలో నాలుగైదు వేసి వాటి మీద దొర్లించండి. రాయి మీద ఈడిస్తే ఫైబర్ పడవ అడుగు గీరుకుపోతుంది. ఆ గీత ఇప్పుడు కనిపించదు, నెల తర్వాత నడి నీళ్లలో నీరు ఊరడం మొదలవుతుంది. చెక్క పడవ అయితే అడుగు పలకల మధ్య కీలు వదులవుతుంది. వెనక దుంగ బయటపడగానే దాన్ని తెచ్చి ముందు వేసే పనికి ఒక మనిషిని పెట్టండి. లాగేవాళ్లు లాగుతుంటే పక్కన నిలబడి కాలు దుంగ కింద పెట్టకుండా పిల్లల్ని దూరం ఉంచండి.

ట్రాక్టర్ ఉంటే పని తేలిక, కానీ ముందు కొసకున్న కొక్కేనికి తాడు కట్టి గుంజితే కొక్కెం ఊడి వస్తుంది. తాడుని పడవ చుట్టూ, అంచు కిందుగా తిప్పి, బరువు మొత్తం మీద పడేలా కట్టండి. ట్రాక్టర్ మొదటి గేర్‌లోనే కదలాలి. సాగిన తాడు పక్కన ఎవరూ నిలబడకూడదు, తెగిన తాడు కాలు విరగ్గొడుతుంది.

ఒక్కొక్కరు తమ పడవ లాక్కునే బదులు సంఘం మొత్తం ఒక వరుస పెట్టుకుని, అందరి పడవలూ అందరూ లాగడం మంచిది. వయసు పైబడినవాళ్లవి, ఇంట్లో మగవాళ్లు లేనివాళ్లవి ముందు లాగాలి. ఈ మాట సంఘం మీటింగ్‌లో వానాకాలం ముందే తీర్మానం చేసుకుంటే ఆ రోజు గొడవ ఉండదు.

ఒడ్డెక్కిన పడవని కట్టడం

నేల మీదికి వచ్చింది కదా అని వదిలేస్తే ఖాళీ ఫైబర్ పడవని గాలి దొర్లిస్తుంది. చిన్న పడవల్ని బోర్లించండి. బోర్లించిన పడవకి రెండు వైపులా గునపంతో లోతుగా గుంటలు తీసి మేకులు దించి, పడవ మీదుగా అడ్డంగా రెండు తాళ్లు బిగించండి. అంచుల కింద మట్టి ఎగదోయండి, కింద సందు ఉంటే గాలి అక్కడ నుంచే దూరి ఎత్తుతుంది. బోర్లించలేనంత పెద్దదయితే అలాగే ఉంచి, బిరడా తీసి, రెండు పక్కలా రాళ్లతో ఒరగకుండా ఆనించి కట్టండి.

పుట్టి సంగతి వేరు. మక్తల్ వైపు కురువాపురం దారిలో, గద్వాల వైపు, పుట్టి లేని ఒడ్డు లేదు. వెదురు తడిక మీద పట్టా, తారు పూసిన ఆ గుండ్రటి పుట్టి తేలిగ్గా ఉండటమే దాని బలం, గాలి వచ్చినప్పుడు అదే దాని బలహీనత. బోర్లించి వదిలితే గొడుగులా లేచిపోతుంది. మీద పాత వల కప్పి, వల అంచుల చుట్టూ తలకాయంత రాళ్లు పెట్టి, వలని మేకులకి కట్టండి. రాళ్లు నేరుగా పుట్టి మీద పెట్టకండి, వెదురు బద్ద విరుగుతుంది. ఇంటి గోడ చాటు దొరికితే ఇద్దరు మనుషులు మోసుకుపోయి అక్కడ పెట్టడం అన్నిటికన్నా మేలు. థర్మాకోల్ తెప్పలు ఇంటి లోపలికే తీసుకెళ్లండి, బయట ఎలా కట్టినా ముక్కలవుతాయి.

నీళ్లలోనే ఉంచక తప్పకపోతే

పెద్ద మరపడవలు, లాంచీలు లాగడానికి వీలు కాదు. వాటికి తాడే ప్రాణం.

ఒక్క తాడు మీద ఎప్పుడూ నమ్మకం పెట్టొద్దు. ముందు కొస నుంచి రెండు తాళ్లు విప్పారినట్టు రెండు వేర్వేరు చెట్లకో రాళ్లకో, వెనక నుంచి ఒక పొడుగు తాడు, అదనంగా ఒక లంగరు. ఇంత ఉంటే గాలి తిరిగినా పడవ చోటు మారదు. నైలాన్ తాడు కొంచెం సాగుతుంది కాబట్టి అల దెబ్బని మింగుతుంది. ఎండకి పొడిబారి పోచలు లేచిన ప్లాస్టిక్ తాడు చూడటానికి లావుగా ఉన్నా చేతిలో నలిపితే పొడి రాలుతుంది. దాన్ని బట్టలారేయడానికి వాడుకోండి.

తాడు పొడుగు చాలా ముఖ్యం. పది అడుగుల తాడుతో బిగించి కట్టారనుకోండి, నీరు ఆరడుగులు లేస్తే పడవ పక్కకి కదలడానికి మిగిలేది ఎనిమిది అడుగులే. అంచు కిందికి గుంజుకుపోయి నీరు లోపలికి వస్తుంది. అదే 60 అడుగుల తాడు అయితే అదే ఆరడుగుల పెరుగుదలకి తేడా అరడుగు కూడా ఉండదు. లంగరు తాడు కూడా ఇంతే. ఇప్పటి లోతుకి, పెరగబోయే నీటిని కలిపి, దానికి ఏడింతలు వదలాలి. లోతు పది అడుగులు, ఇంకో ఐదు పెరుగుతుందనుకుంటే వంద అడుగులకు పైనే. తాడు నిలువుగా ఉంటే లంగరు పైకి లేస్తుంది, ఏటవాలుగా ఉంటేనే నేలని కరుస్తుంది.

ముడి జారకూడదు, కానీ తడిసి బిగుసుకున్నా విప్పడానికి రావాలి. అందుకు ఒక ముడి ప్రతి పడవ మనిషికీ చీకట్లో కూడా రావాలి. తాడు కొస నుంచి రెండు మూరల దగ్గర చిన్న చుట్టు వేయండి, కొస వైపు పోగు అసలు తాడు మీదుగా ఉండాలి. కొసని చెట్టు చుట్టూ తిప్పి తెచ్చి, ఆ చుట్టులోంచి కింది నుంచి పైకి తీయండి. అసలు తాడు వెనకగా తిప్పండి. మళ్లీ అదే చుట్టులోకి పైనుంచి కిందికి దించండి. ఇప్పుడు అసలు తాడుని, రెండు పోగులనూ కలిపి లాగి బిగించండి. కొస జానెడు మిగలాలి. ఎంత లాగినా ఈ ముడి చెట్టుని పిసకదు, జారదు. తర్వాత ముడి వెనక వంపుని బొటనవేలితో ముందుకి వంచితే వదులవుతుంది. ఎండ రోజున కూర్చుని ఇరవై సార్లు వేయండి, పిల్లలకీ నేర్పండి.

తాడు తెగేది మధ్యలో కాదు, రాసుకునే చోట. పడవ అంచు మీద వంగే దగ్గర, రాయి అంచుకి తగిలే దగ్గర రాత్రంతా వేల సార్లు అటూ ఇటూ రాసుకుంటుంది. పాత సైకిల్ ట్యూబుని నిలువుగా కోసి ఆ చోట మూరెడు పొడుగు చుట్టి, రెండు కొసలా సన్న దారంతో బిగించండి. ట్యూబు లేకపోతే గోనెసంచి మూడు చుట్లు. ఐదు నిమిషాల పని ఇది, చాలామంది చేయరు. తెగిన తాడు కొస తీసి చూస్తే కోసినట్టు కాక, అరిగి కుచ్చులా ఉంటుంది. కారణం ఇదే.

పడవ పక్కలకి పాత టైర్లు వేలాడదీయండి. లోపల బల్లల కింద మూత బిగించిన ఖాళీ క్యాన్లు కట్టండి. 20 లీటర్ల క్యాన్ దాదాపు 20 కిలోల బరువుని తేలుస్తుంది, పడవ నిండినా అడుగుకి పోదు. ఒక పడవకి ఇంకో పడవ ఆనించి కట్టొద్దు, రెండూ ఒకదాన్నొకటి కొట్టుకుని పగుల్తాయి.

కొందరు చెక్క పడవలో రాళ్లు నింపి ఒడ్డు దగ్గర కావాలనే ముంచుతారు. నిలకడ నీటిలో, చెరువుల్లో అది పనిచేస్తుంది. కృష్ణలో వరద వచ్చే చోట చేయొద్దంటాను. ఒండ్రు మేట వేస్తే దాన్ని తవ్వి తీయాలి.

ఇంజిన్, కాగితాలు

ఇంజిన్ పడవ కన్నా ఖరీదు. దించి, మంచి నీళ్లతో కడిగి, ఆరబెట్టి, ఇంట్లో ఎత్తైన చోట పెట్టి పట్టా కప్పండి. నూనె క్యాన్లకి మూతలు బిగించి ఇంటికి దూరంగా పెట్టండి.

పడవ, ఇంజిన్ నంబరు, వలలు, కట్టిన చోటు కనిపించేలా ఫోన్‌తో ఫొటోలు తీసి కుటుంబంలో ఇంకొకరికి పంపండి. రేపు తహసీల్దార్ ఆఫీసులోనో మత్స్యశాఖలోనో నష్టం చెప్పుకోవాలంటే ముందున్న ఫొటో చాలా పనిచేస్తుంది. సంఘం సభ్యత్వ కార్డు, ఆధార్, బ్యాంకు పుస్తకం ప్లాస్టిక్ కవర్‌లో. మత్స్య సంపద పథకం కింద ప్రమాద బీమాలో పేరు ఉందో లేదో ఇప్పుడే కనుక్కోండి. చనిపోయినా, పూర్తిగా అంగవైకల్యం వచ్చినా 5 లక్షలు, పాక్షిక వైకల్యానికి 2.5 లక్షలు వస్తాయి. పేరు లేకపోతే ప్రమాదం జరిగాక ఎవరూ ఏమీ చేయలేరు.

మనుషులు

కొల్లాపూర్ వైపు వెనక జలాల పక్కన, నల్లమల అంచున, పట్టాలు కప్పిన గుడిసెల్లో నెలల తరబడి ఉండి చేపలు పట్టే కుటుంబాలు ఉన్నాయి. చాలామంది కోస్తా నుంచి వచ్చినవాళ్లు. వాళ్లకి ఊళ్లో ఇల్లు లేదు, చాలాసార్లు కబురు కూడా ఆలస్యంగా అందుతుంది. మీ ఒడ్డున అలాంటి గుడిసెలు ఉంటే మీ పడవ పని మధ్యలో ఆపి అయినా పోయి చెప్పండి. పసిపిల్లలు, గర్భిణులు ముందు రోజు వెలుగు ఉండగానే స్కూలుకో, పంచాయతీ ఆఫీసుకో చేరాలి. పడవలోనే పోవాల్సిన చోటు అయితే గాలి లేవకముందే, తక్కువ మందితో, అందరూ లైఫ్ జాకెట్ వేసుకుని. 2007 జనవరిలో సింగోటం జాతర ప్రయాణంలో కృష్ణలో పడవ మునిగి 60 మందికి పైగా పోయారు. అప్పుడు తుఫాను కూడా లేదు.

హెచ్చరిక వచ్చాక పుట్టిలో అవతలి ఒడ్డుకి దాటించమని ఎవరు అడిగినా, ఎంత ఇస్తామన్నా, వద్దనండి. మొక్కు ఉందన్నా సరే.

గాలి మొదలయ్యాక పడవ తెగిపోతున్నట్టు కనిపించినా నీళ్లలోకి దిగకండి. ఒడ్డు నుంచి తాడు అందితే సరే, లేకపోతే పోనివ్వండి. మెరుపు కనిపించిన దగ్గర నుంచి ఉరుము వినిపించేదాకా లెక్కపెట్టండి, మూడు సెకన్లకి ఒక కిలోమీటరు. ముప్పై లోపే వినిపిస్తే ఇంట్లోకి పోవాలి. చెట్టు కింద గానీ, బోర్లించిన పడవ కింద గానీ తలదాచుకోవద్దు. డ్యామ్ దిగువన ఉన్నవాళ్లు సైరన్ వినపడగానే ఒడ్డు వదలాలి. ఎవరైనా కొట్టుకుపోతే 112కి, జిల్లా కంట్రోల్ రూమ్ 1077కి ఫోన్ చేయండి. ఈత వచ్చినా దూకకండి, ఖాళీ క్యాన్‌కి తాడు కట్టి విసరండి.

గాలి తగ్గాక

వాన ఆగిన రోజే నీళ్లలోకి దించే తొందర వద్దు. ఎగువ నుంచి వరద రావడం అప్పుడే మొదలవుతుంది. ఇన్‌ఫ్లో తగ్గుముఖం పట్టిందని రెండు రోజులు వరసగా చూశాకే దించండి.

బోర్లించిన పడవని చేత్తో ఎత్తకండి. ముందు పొడుగు కర్రతో తట్టి, అవతలి వైపు నుంచి ఎత్తండి. వరదకి పాములు పొడి చోటు వెతుక్కుంటూ పడవ కిందికి, వల బస్తాల్లోకి చేరతాయి. జూరాల, శ్రీశైలం వెనక జలాల్లో మొసళ్లు ఉన్నాయి, నీళ్లు తగ్గాక ఒడ్డు గుంటల్లో, పొలాల్లో కనిపిస్తుంటాయి.

ఇంజిన్ నీట మునిగి ఉంటే తాడు లాగి స్టార్ట్ చేసి చూడొద్దు. లోపల నీరు ఉండగా తిప్పితే కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది. ప్లగ్ విప్పి, బోర్లించి నీరు కార్చి, కొంచెం ఆయిల్ పోసి చేత్తో మెల్లగా తిప్పి, మెకానిక్‌కి ఇవ్వండి. మునగకపోయినా మొదటి పది రోజులు నీటిలో ఒండ్రు ఎక్కువ. ఇంజిన్ చల్లబడడానికి నీరు పీల్చే జాలీని రోజూ సాయంత్రం కడగాలి.

పడవ అడుగుని పగటి వెలుగులో వేలితో తడుముతూ చూడండి. సన్న పగులు కంటికి కనిపించదు, గోరు తగిలితే తెలుస్తుంది. లోపల నాలుగు బిందెల నీళ్లు పోసి ఒడ్డున అరగంట ఉంచితే కారే చోటు బయటపడుతుంది.

మొదటి రోజు ఇద్దరు పడవలో పోండి, ఒక్కరు పోవద్దు. ముందు కూర్చున్నవాళ్లు గడతో నీళ్లు పొడుస్తూ ఉండాలి, తేలీతేలని చెట్టు మొదళ్లు నీటి రంగులో కలిసిపోయి ఉంటాయి. పాత దారి అని ఇంజిన్ వేగం పెంచకండి, వరద తర్వాత అడుగు మారిపోతుంది. వల వేయడం మూడో రోజు చూసుకోవచ్చు.